డాస్‌లో రెయిడ్ డిస్కులు కనిపించకపోతే ముందు చూడవలసింది బయోస్‌నే

విండోస్ మొరాయించినప్పుడు, బయోస్‌ను నవీకరించవలసి వచ్చినప్పుడు, డాస్ మీదనే నడిచే పాత యంత్రాలను మరమ్మతు చేసేటప్పుడు సాంకేతిక నిపుణులు నేటికీ డాస్‌ను ఆశ్రయిస్తున్నారు. అయితే హార్డ్ డిస్కులు మదర్‌బోర్డులోని రెయిడ్ కంట్రోలర్‌కు అనుసంధానమై ఉన్నప్పుడు అవి డాస్‌లో కనిపించకపోవడం తరచూ ఎదురయ్యే సమస్య. దీనికి డాస్ డ్రైవర్ కోసం వెతకడం చాలావరకు వృథా ప్రయాసే. కారణం తెలుసుకోకుండా అమరికలు మారిస్తే డిస్కుల్లోని సమాచారమే గల్లంతయ్యే ప్రమాదం ఉంది.

డాస్ డిస్కును ఎలా గుర్తిస్తుంది?

డాస్ సాధారణంగా హార్డ్ డిస్కుతో నేరుగా మాట్లాడదు. చదవాలన్నా, రాయాలన్నా బయోస్‌లోని ‘ఇంటరప్ట్ 13హెచ్’ అనే సేవను కోరుతుంది. బయోస్ మొదటి హార్డ్ డిస్కుకు 80హెచ్, రెండోదానికి 81హెచ్ అనే సంఖ్యలు కేటాయిస్తుంది. ఆ జాబితాలో లేని డిస్కు డాస్ దృష్టిలో లేనట్లే.

రెయిడ్ చిప్‌కు ‘ఆప్షన్ రోమ్’ అనే సొంత ప్రోగ్రామ్ ఉంటుంది. కంప్యూటర్ ప్రారంభమయ్యే సమయంలో అది నడిచి, ఇంటరప్ట్ 13హెచ్‌ను తన అధీనంలోకి తీసుకుంటుంది. రెండు డిస్కుల శ్రేణిని ఒకే డిస్కుగా డాస్‌కు చూపుతుంది. ఇంటెల్ చిప్‌సెట్లలో ‘కంట్రోల్-ఐ’ నొక్కమంటూ తెరపై వచ్చే సందేశం దీనిదే. రెయిడ్ 0లో సమాచారాన్ని ముక్కలుగా పంచినా, రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకే నకలు రాసినా డాస్‌కు ఆ సంగతి తెలియదు.

విండోస్ ఎక్స్‌పీ స్థాపన సమయంలో ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీ నుంచి రెయిడ్ డ్రైవర్ ఇవ్వవలసి రావడానికి, డాస్‌కు ఆ అవసరం లేకపోవడానికి కారణం ఇదే. ఎక్స్‌పీ మొదలైన తరువాత బయోస్‌ను పక్కనపెట్టి సొంత డ్రైవర్‌తో పనిచేస్తుంది. డాస్ చివరివరకూ బయోస్‌పైనే ఆధారపడుతుంది.

లోపం ఎక్కడుందో ఇలా తెలుసుకోవచ్చు

‘ఎఫ్‌డిస్క్ /స్టేటస్’ ఆదేశం డిస్కుల వివరాలను చూపుతుందే తప్ప ఏ మార్పూ చేయదు. దాని ఫలితాన్ని బట్టి లోపాన్ని గుర్తించవచ్చు.

డిస్కు అసలే కనిపించకపోతే బయోస్‌లో రెయిడ్ ఆప్షన్ రోమ్ నిలిపివేసి ఉందేమో చూడాలి. కొన్ని చిప్‌లు శ్రేణిలో చేర్చని ఒంటరి డిస్కును డాస్‌కు చూపవు.

శ్రేణికి బదులు రెండు డిస్కులు విడివిడిగా కనిపిస్తే రెయిడ్ విధానం ఆగిపోయిందని అర్థం. అక్కడితో పని నిలిపివేయాలి. ఆ స్థితిలో రెయిడ్ 1లోని ఒక డిస్కుపై ఏదైనా రాస్తే రెండు నకళ్లకూ పొంతన తప్పుతుంది. రెయిడ్ 0లో ఒక్కో డిస్కులో ఉండేవి సగం ముక్కలే కనుక ఏ ఒక్కదాన్నీ విడిగా చదవలేం.

డిస్కు కనిపించినా డ్రైవ్ అక్షరం రాకపోతే ఫైల్ వ్యవస్థను అనుమానించాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగాలను డాస్ స్వయంగా చదవలేదు. 1994లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.22కు ఫ్యాట్32 కూడా తెలియదు; డిస్కులో సుమారు 8.4 జీబీ దాటిన భాగాన్ని అది చేరుకోలేదు. విండోస్ 98తో వచ్చిన డాస్ గానీ, ఉచితంగా లభించే ఫ్రీడాస్ గానీ ఇందుకు మేలు. అయితే విండోస్ 98 నాటి తొలి ఎఫ్‌డిస్క్ 64 జీబీ మించిన డిస్కుల పరిమాణాన్ని తప్పుగా చూపుతుంది. కాబట్టి ఆ అంకెను చూసి కంగారు పడనక్కరలేదు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

పెన్‌డ్రైవ్ నుంచి డాస్‌ను ప్రారంభిస్తే సాధారణంగా పెన్‌డ్రైవే ‘సి’ అవుతుంది, రెయిడ్ శ్రేణి ‘డి’కి జరుగుతుంది. ఫార్మాట్ వంటి ఆదేశాలు ఇచ్చే ముందు ఏ అక్షరం దేనిదో ‘డిర్’ ఆదేశంతో సరిచూసుకోవాలి.

డిస్కు ప్రతిరూపం తీసే కొన్ని సాధనాలు బయోస్‌ను దాటవేసి కంట్రోలర్‌తో నేరుగా వ్యవహరిస్తాయి. అటువంటి సాధనానికి శ్రేణి బదులు విడి డిస్కులు కనిపించవచ్చు. బయోస్ ద్వారానే పనిచేసే ఐచ్ఛికం ఉంటే దాన్నే ఎంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, డిస్కు కనిపించలేదని రెయిడ్ అమరికల్లోకి వెళ్లి కొత్త శ్రేణిని సృష్టించరాదు. ఆ చర్య పాత సమాచారాన్ని తుడిచివేయవచ్చు.

కొత్త కంప్యూటర్లలో ఈ మార్గం మూసుకుపోతోంది. పాత బయోస్ అనుకూలతను 2020 నాటికి తొలగించాలన్న ప్రణాళికను ఇంటెల్ 2017లో వెల్లడించింది. ఆ అనుకూలత లేని యూఈఎఫ్ఐ యంత్రంలో ఇంటరప్ట్ 13హెచ్ సేవ ఉండదు కనుక డాస్ ప్రారంభమే కాదు. అందువల్ల డాస్‌తో నడిచే రెయిడ్ యంత్రాలు ఉన్నవారు, అవి సవ్యంగా పనిచేస్తున్నప్పుడే సమాచారాన్ని వేరొక డిస్కుకు నకలు చేసి భద్రపరచుకోవడం శ్రేయస్కరం.