తీగ సన్నము, ఫ్యూజు లావు

వేణుగోపాలస్వామివారి దర్శనార్థము నెమలికి పోయినప్పుడెల్ల ఆ యూర మా అక్కయ్యగారి యింట ఒక పూట నిలుచుట నాకు అలవాటు. ఒకమారు మా బావగారు దొడ్డి వెనుక కూరతోటలోని బావి మోటారును చూపి, "నెలకు నాలుగుసార్లు ఫ్యూజు పోయేది. లావు రాగితీగ చుట్టించాను, ఇక ఆ బెడద లేదు" అని సంతోషించిరి. పది దినములు గడచెనో లేదో మోటారు చుట్ట కాలిపోయినది. కంచె వెంట పోవు తీగకు అతుకు వేసిన చోట తొడుగు కరిగి, ఎండుగడ్డి పొగలెత్తినది. అదృష్టవశమున ఎవరికిని అపాయము కలుగలేదు. ఫ్యూజు మాత్రము చెక్కు చెదరలేదు.

ఇందు తప్పు మొదటినుండియు తీగదే. ఇంటి బోర్డునుండి బావికి 150 మీటర్లు. విద్యుత్తు పోవలెను, తిరిగి రావలెను. కనుక తీగ పొడవు 300 మీటర్లని లెక్కింపవలెను. అక్కడ వేసినది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ. దాని నిరోధము మీటరుకు సుమారు 0.012 ఓము, మొత్తము మీద 3.6 ఓములు. ఒక అశ్వశక్తి మోటారు నడచునపుడు సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. ఏడింటిని 3.6తో గుణించిన 25 వోల్టులు. అనగా ఇంటివద్ద 230 ఉన్నను బావివద్ద 205 మాత్రమే. ఆ తీగ 15 ఆంపియర్ల వరకు భరింపగలదు గదా యని దుకాణమున చెప్పినమాట అబద్ధము కాదు. అయితే భరించుట వేరు, చేర్చుట వేరు.

అసలు చిక్కు మోటారు కదలుటకు ముందున్నది. నిలిచియున్న మోటారు తన మామూలు ప్రవాహమునకు ఐదారు రెట్లు కోరును. అప్పుడు వోల్టులలో మూడవ వంతుకు పైగా ఆ తీగయే మ్రింగివేయును. మోటారు త్రిప్పుబలము వోల్టుల వర్గమును అనుసరించును గనుక, మూడింట రెండు వంతుల వోల్టులతో బలము సగము కూడ మిగులదు. మోటారు మూలుగును, తిరుగదు. పాతిక ఆంపియర్ల ప్రవాహము అట్లే నిలిచిపోవును. 10 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికి కరగినది ఇందువలననే. అది మొరపెట్టినది, మనము దాని నోరు నొక్కితిమి.

ఈ లెక్కను ఎవరికంటెను శ్రద్ధగా వేయువారు సొంతముగా చిన్న విమానములు కట్టుకొనువారు. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన సంఘము ఇట్టివారిది. 1970 నుండి వారి వార్షిక సమ్మేళనము ఆష్‌కాష్ పట్టణమున జరుగుచున్నది. వారి విమానములలో పెక్కింటికి బ్యాటరీయే ఆధారము. నడచునపుడు 14 వోల్టులు. నేల కానవచ్చుటకు వెలిగించు 100 వాట్ల దీపము 7 ఆంపియర్లు తీసికొనును. మన బావి మోటారుకు కావలసినంతే! అక్కడి కొలతలో 18వ నంబరు తీగ 0.8 చదరపు మిల్లీమీటర్లు. 10 ఆంపియర్ల బ్రేకరుతో దానిని వాడుట సమ్మతమే. కాని పోవుటకు 5, వచ్చుటకు 5 మీటర్లయినచో ఒకటిన్నర వోల్టు దారిలో పోవును. 230లో ఒకటిన్నర యెవరికి పట్టును? 14లో అది పదవ వంతు; మామూలు బల్బు వెలుగులో మూడవ వంతు తరుగును. అమెరికా పౌరవిమాన శాఖ సూచన ప్రకారము నిరంతరము నడచు పరికరములకు తీగలో పోవునది అర వోల్టు మించరాదు. అందుచేత 12వ నంబరు తీగ వేయవలసి వచ్చును. (నంబరు తగ్గినకొలది తీగ లావగుట అక్కడి ఆచారము.) దానిలోని రాగి నాలుగురెట్లు బరువు. ఆకాశమున ప్రతి తులమునకు లెక్క యున్నను వారు వెలుగు కొరకు ఈ బరువును మోయుదురు. మనము నేలమీద రాగికి పిసినారితనము చూపుదుము.

రెండవ సంగతి ఫ్యూజు స్థానము. మా బావగారు దానిని బావి గుడిసెలో, మోటారు ప్రక్కనే పెట్టించిరి. ఫ్యూజు కాపాడునది తనకు ఆవలనున్న తీగను. కంచె మీద 150 మీటర్ల తీగ చిట్లి ఒకదాని కొకటి తగిలినను గుడిసెలోని ఫ్యూజునకు ఆ వార్తయే చేరదు. కనుక విమానమున బ్రేకరును విద్యుత్తు బయలుదేరు చోటనే అమర్తురు. అక్కడను ఇంజనును త్రిప్పు స్టార్టరు తీగకు మాత్రము ఫ్యూజు పెట్టకపోవుట వాడుక. అందుకే ఆ తీగను లావుగాను, పొట్టిగాను ఉంచుదురు. తొడుగు చెడిన తీగ యేమి చేయగలదో 1998 సెప్టెంబరు 2న కెనడా తీరమున కూలిన స్విస్ఎయిర్ 111 విమానము చూపినది. తీగల నడుమ మెరుపు లేచి అంటుకొన్న నిప్పునకు 229 మంది బలియైరి.

ఫ్యూజు మనుష్యుని కాపాడదు. అది పది ఆంపియర్లకు పెట్టినది. మనిషి గుండెను ఆపుటకు ఆంపియరులో పదవ వంతు చాలును. తడి నేలపై మోటారును తాకు ఇంట 30 మిల్లీ ఆంపియర్లకే విడివడు ఆర్.సి.సి.బి. వేరుగ ఉండవలెను.

ఇప్పుడు బావికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినారు. నడకలో పోవునది పది వోల్టులకు తగ్గినది. ఫ్యూజునకు బదులు తగిన ఎం.సి.బి. ఇంటి బోర్డులోనే అమర్చిరి. ప్రక్కనున్న ఆర్.సి.సి.బి. పరీక్ష మీటను నెలకొకమారు నొక్కి చూచు పనిని మా అక్కయ్య బావగారికి ఒప్పగింపక తానే చేపట్టినది.