మిక్సీ అడుగున ఎర్ర బటన్

మన పాడేరు కొండల్లో ఇప్పుడు చాలా ఇళ్ళకి మిక్సీ వచ్చేసింది. పెళ్ళికి సామానుతో పాటు ఇచ్చేవాళ్ళున్నారు, పసుపు అమ్మిన డబ్బుతో కొనుక్కునేవాళ్ళున్నారు. కాని దాంతో వచ్చిన పుస్తకం మాత్రం అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళం మనమే కాబట్టి సెలవులకు వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తీయడం మన పనే. సంక్రాంతి సెలవుల్లో మా ఇంటి మిక్సీని ముందు పెట్టుకుని నేను తెలుసుకున్నవి రాస్తున్నాను.

ముందు ఎర్ర బటన్ సంగతి. మా పిన్ని ఎండు మిరపకాయలు జారు నిండా కూరి తిప్పింది. బుర్రుమని ఆగిపోయింది. కాలిపోయిందనుకుని గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కి పట్నం పోయింది. అక్కడ రిపేరు చేసే అతను దాన్ని బోర్లించి, ఏదో నొక్కి, 150 రూపాయలు తీసుకున్నాడు. బస్సు చార్జీలు వేరే! నొక్కింది మిక్సీ అడుగున ఉండే చిన్న బటన్‌ని. కొన్నింటికి ఎర్రగా, కొన్నింటికి నల్లగా ఉంటుంది. మోటారు మీద బరువు ఎక్కువై కరెంటు ఎక్కువ లాగితే, మోటారు కాలకముందే ఆ బటన్ బయటికొచ్చి కరెంటు ఆపేస్తుంది. అప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, జారులో సరుకు సగం తీసెయ్యాలి. మోటారు చల్లారాక బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. పైసా ఖర్చు లేదు. మళ్ళీ మళ్ళీ అలాగే ఆగిపోతుంటే మాత్రం లోపల జబ్బుందన్నమాట, చూపించాలి.

కరెంటు తక్కువగా ఉన్నా మోటారుకి చేటే. మిక్సీ మీద 230 వోల్టులు అని రాసి ఉంటుంది. సాయంత్రం అన్ని ఇళ్ళల్లో వాడకం పెరిగేసరికి మన గూడేల్లో అంత రాదు. మోటారు ఈడ్చుకుంటూ తిరిగి వేడెక్కుతుంది. వెనకటి బల్బయితే ఎర్రబడి చెప్పేసేది. ఇప్పటి ఎల్ఈడీ బల్బులు తక్కువ కరెంటుకీ బాగానే వెలుగుతాయి, వాటిని నమ్మకండి. ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే ఆ పూట రోలే మేలు.

మన దేశపు వంటకి తగిన మిక్సీని 1963లో బొంబాయి ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ తయారు చేశారు. దాని పేరు సుమీత్. విదేశీ మిక్సీలు మన పప్పులకి, మసాలాలకి తట్టుకునేవి కావు. అయినా మన ఎండు పసుపు కొమ్ములకి ఏ మిక్సీ అయినా దండం పెట్టాల్సిందే! ముందు రోట్లో ముక్కలు చేసి అప్పుడు వెయ్యాలి. ఉడికిన పప్పు పొగలు కక్కుతుండగా వేసి మూత బిగిస్తే ఆవిరి మూతని ఎగరగొడుతుంది. ముఖం మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ప్లగ్గు. మూడు పిన్నుల్లో లావుగా, పొడుగ్గా ఉన్నది ఎర్త్. గోడ మీద రెండు కన్నాల బోర్డే ఉందని కొంతమంది ఆ పిన్నుని కోసేస్తారు. మిక్సీ చక్కగా తిరుగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కెటిల్‌కీ, ఇస్త్రీపెట్టెకీ అలాగే చేస్తారు. లోపల వైరు తోలు ఊడి ఇనుముకి తగిలిన రోజున, ఆ కరెంటు ఎర్త్ తీగ వెంట భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. మన ఇళ్ళల్లో నేల అలికినది, వానాకాలం చెమ్మగా ఉంటుంది, మనవి వట్టి కాళ్ళు. ప్రాణం పోవడానికి ఇంకేం కావాలి? పిన్ను ఉన్నంత మాత్రాన సరిపోదు, బోర్డు వెనక ఎర్త్ తీగ ఉందో లేదో వైరింగ్ చేసే అన్నచేత చూపించండి. తడిచేత్తో స్విచ్ ముట్టుకోవద్దు. బ్లేడు దగ్గర ఇరుక్కున్నది తియ్యాలంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాల్సిందే.

దాచే సంగతి కొస్తే, పొయ్యిగడ్డ పక్కన పెట్టొద్దు. అడుగున ఉన్న కన్నాల్లోంచే మోటారు గాలి పీలుస్తుంది, పొగమసి నూనెతో కలిసి వాటిని మూసేస్తుంది. గోనె మీదా, దుప్పటి మీదా పెట్టి తిప్పొద్దన్నది కూడా ఇందుకే. వైరుని మిక్సీ చుట్టూ బిగించి చుడితే ప్లగ్గు మొదట్లో లోపలి తీగలు తెగుతాయి. వదులుగా చుట్టి, ఎలకలు అందుకోని ఎత్తులో పెట్టాలి. పచ్చడి జారులోనే రాత్రంతా ఒగ్గేస్తే ఉప్పు, పులుపు బ్లేడు మొదలు తినేస్తాయి. కడిగి, ఆరాకే మూత పెట్టాలి.

మా అవ్వ మాత్రం వలిసెల్ని మిక్సీకి ఇవ్వదు. ఎక్కువ తిప్పితే నూనె విడిచి ముద్దయిపోతాయని రోట్లోనే దంచుతుంది. ఆ పొడి తిన్నవాళ్ళెవరూ ఆమెతో వాదించరు.