ఇంట మాంసం కోయడానికి విద్యుత్ కత్తి అవసరమా?

ప్రతి సంవత్సరం కనుమ పండుగ వెళ్ళిన మరునాడు నర్సీపట్నంలోని మా వైద్యశాలకు వేలికి గుడ్డ చుట్టుకొని వచ్చే గృహిణులు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారు వేలికి మందు అడుగుతారు. నేను ముందుగా కత్తి సంగతి అడుగుతాను. "పదును లేదండీ, గట్టిగా నొక్కాను, జారిపోయింది" అన్నదే సాధారణంగా వచ్చే సమాధానం. పదునైన కత్తి కంటె మొద్దుబారిన కత్తియే వేళ్ళను ఎక్కువగా కోస్తుందంటే చాలామంది నమ్మరు. మొద్దు కత్తిని బలంగా నొక్కవలసి వస్తుంది. అది మాంసంలో దిగక పక్కకు జారినపుడు ఆ బలమంతా పట్టుకొన్న చేతి మీదకు వస్తుంది.

ఈ సంవత్సరం పండుగకు మాత్రం ఒక కొత్త ప్రశ్న ఎదురైంది. విశ్రాంత ఉపాధ్యాయులొకరి సతీమణి, చాలాకాలంగా ఆమవాతంతో బాధపడుతున్నవారు, వేలి గాయంతో వచ్చారు. పొద్దుటిపూట ఆమె మణికట్టు వంగదు, పిడికిలి బిగియదు. మాస్టారికి పళ్ళన్నీ పోయాయి. కట్టుడు పళ్ళు ఆయనకు సరిపడలేదు. మాంసాన్ని సన్నగా, పలుచగా తరిగి మెత్తగా వండితే తప్ప ఆయన తినలేరు. ఆ తరగడమే ఆమెకు ప్రాణసంకటం. అమెరికాలో ఉన్న అల్లుడు అత్తగారి అవస్థ చూసి ఒక విద్యుత్ కత్తిని తెచ్చి ఇచ్చాడు. పిన్ను మార్చి ప్లగ్గులో పెట్టగానే అది ఒక్కసారి ఝుమ్మని, మాడు వాసన కొట్టి ఆగిపోయింది. చేసేది లేక పాత చాకుతోనే తరగబోయి వేలు కోసుకొన్నారు. "డాక్టరుగారూ, మన దేశపు కరెంటుకు సరిపోయేది మరొకటి తెప్పించుకోమంటారా?" అని ఆమె అడిగారు. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు ఒక్క మాటలో సమాధానం చెప్పలేకపోయాను. ఆలోచించి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ కత్తి ఎందుకు మాడిపోయిందో చెప్పాలి. అమెరికా గృహాలలో విద్యుత్తు 120 వోల్టులు, మన ఇళ్ళలో 230 వోల్టులు. పిన్ను మార్చే చిన్న పరికరం రంధ్రాల ఆకారాన్ని మారుస్తుందే గాని వోల్టేజిని తగ్గించదు. అందుచేత విదేశాలనుండి బంధువులు తెచ్చిన ఏ వంటింటి యంత్రమైనా పిడి మీద గాని, అడుగున గాని ముద్రించిన అంకెను చదవకుండా ప్లగ్గులో పెట్టరాదు. 220-240 అని ఉంటే మనకు పనికివస్తుంది. 120 అని మాత్రమే ఉంటే వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఒక కత్తి కోసం అంత బరువైన పెట్టెను వంటింట్లో పెట్టుకోవడం నాకు సమంజసంగా తోచదు.

ఇక యంత్రం సంగతి. విద్యుత్ కత్తిలో రంపపు పళ్ళు గల రెండు అలుగులు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. పిడిలోని మోటారు తిరుగుతున్నపుడు ఒక అలుగు ముందుకు పోతే రెండవది వెనుకకు వస్తుంది. మనం చేత్తో కత్తిని ముందుకు వెనుకకు లాగే పనిని మోటారు చేసిపెడుతుంది. పిడి పట్టుకొని దిశ చూపితే చాలు. మీట నొక్కి ఉంచినంతసేపే నడుస్తుంది, వ్రేలు తీయగానే ఆగుతుంది. 1960లలో అమెరికా గృహాలలో ఇది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అక్కడ పండుగనాడు పెద్ద టర్కీ కోడిని, మాంసపు తొడను నిలువునా పొయ్యిలో కాల్చి, భోజనపు బల్లమీదనే పలుచని పలకలుగా తరిగి వడ్డిస్తారు. ఉడికిన మాంసాన్ని చిదిమిపోకుండా పలకలుగా తీయడం దీనికి పుట్టుకతో వచ్చిన విద్య. రొట్టెను కోయడంలో కూడా ఇది నేర్పరియే.

మన వంట పద్ధతి వేరు. మన ఊరి మాంసపు దుకాణంలో చింత మొద్దు మీద బరువైన కత్తితో ఎముకతో సహా ముక్కలు కొట్టి ఇస్తారు. కూరకు తెచ్చిన మాంసం ఇంటికి చేరేసరికి సగం పని అయిపోయే ఉంటుంది. ఇంట మిగిలేది కొవ్వు, పొరలు తీయడం, పెద్ద ముక్కలను చిన్నవి చేయడం, వేపుడుకో పచ్చడికో ఎముకలేని మాంసాన్ని సన్నగా తరగడం. ఇదంతా పచ్చి మాంసం. పచ్చి మాంసం మెత్తగా, జారుడుగా ఉంటుంది. విద్యుత్ కత్తి పళ్ళు దానిని కోయడానికి ముందు పట్టి ఊపుతాయి, ముక్క వణుకుతుంది, పట్టుకొన్న వేళ్ళు కత్తికి చేరువవుతాయి. ఎముక తగిలితే పళ్ళు విరుగుతాయి. గడ్డకట్టిన మాంసం మీద కూడా దీనిని ప్రయోగించరాదు.

ఇక్కడ సుశ్రుతాచార్యులు జ్ఞాపకం వస్తారు. సుశ్రుత సంహితలో సూత్రస్థానపు ఎనిమిదవ అధ్యాయం శస్త్రాలను గురించినది. అందులో 20 విధాల శస్త్రాలను వర్ణించి, శస్త్రానికి ఉండరాని ఎనిమిది దోషాలను చెప్పారు. వంకరపోవడం, మొద్దుబారడం, విరిగి ఉండడం, అంచు గరుకుగా ఉండడం, మరీ లావుగా ఉండడం, మరీ అల్పంగా ఉండడం, మరీ పొడుగు, మరీ పొట్టి. వీనిలో గరుకు అంచును 'ఖరధార' అన్నారు. ఒక్క కరపత్రానికి, అంటే రంపానికి మాత్రం ఈ దోషం నుండి మినహాయింపు ఇచ్చారు, అది ఎముకను కోయవలసినది గనుక. మెత్తని దానికి నునుపైన అంచు, గట్టి దానికి రంపపు అంచు అన్న వివేకం ఆ కాలానికే స్థిరపడి ఉంది. మన విద్యుత్ కత్తి అంచుకు ఖరధార, శక్తికి మాత్రం ఎముక మీద పనికిరానిది. పచ్చి మాంసం దగ్గర అది తడబడడంలో వింత లేదు.

ఆ అధ్యాయంలోనే గృహిణులకు పనికివచ్చే మరొక ముక్క ఉంది. శస్త్రాన్ని నూరడానికి మినుముల రంగు గల నున్నని రాయి, పదును నిలిపి ఉంచడానికి బూరుగు చెక్క వాడమన్నారు. వెంట్రుకను కోయగలిగినంత పదునెక్కిన తరువాతనే శస్త్రాన్ని ప్రయోగించమన్నారు. లోహానికి పదును ఎక్కించే విధానాన్ని 'పాయనం' అని పేర్కొని క్షారంలో, నీటిలో, నూనెలో అని మూడు విధాలు చెప్పారు. మన కమ్మరి ఎర్రగా కాలిన కత్తిని నీటి తొట్టిలో ముంచి చుంయ్‌మనిపించేది అందులో రెండవ విధమే. బండకేసి రుద్దడమే పదును పెట్టడమనుకొనే ఇళ్ళు మన ఊరిలో కొల్లలు. గచ్చు మీద రుద్దితే అంచు గరుకుతేలుతుంది. అది కోసినట్లే ఉంటుంది గాని చీలుస్తుంది.

అయితే విద్యుత్ కత్తి ఎవరికీ అక్కరలేదా అంటే, అట్లా అనను. కోడిని నిలువునా కాల్చి వండే అలవాటున్నవారికి, తరచుగా అతిథులకు వడ్డించేవారికి అది ఉపకరిస్తుంది. కొనదలచినవారు పైన చెప్పిన వోల్టేజి చూడాలి. అలుగులు స్టెయిన్‌లెస్ స్టీలువై, మీట నొక్కి సులభంగా ఊడదీసే వీలుండాలి. ఊడిరాని అలుగుల సందులో మాంసపు రసం చేరి కుళ్ళుతుంది. పొరపాటున వేలు తగిలి నడవకుండా తాళం వంటి రెండవ మీట ఉంటే మంచిది. అన్నిటికంటె ముందు పిడి పట్టి చూడాలి. మోటారంతా పిడిలోనే ఉంటుంది గనుక బరువు మామూలు కత్తికి అనేక రెట్లు. ఇంటర్నెట్ అంగడిలో కొనేవారికి ఆ అవకాశం ఉండదు కాబట్టి తూకం ఎంతో వివరాలలో చదవాలి. చాలా నమూనాలను కొద్ది నిమిషాలకు మించి ఏకధాటిగా నడపరాదు. ఆ గడువు వెంట వచ్చే చిన్న పుస్తకంలో ఉంటుంది. తడి చేత్తో ప్లగ్గు ముట్టరాదు, పిడిని నీటిలో ముంచరాదు, ప్లగ్గు తీయకుండా అలుగు ఊడదీయరాదు. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే కత్తికంటె ముందు దానిని పెట్టించండి.

ఆమవాతం గల చేతికి ఇది మేలు చేస్తుందా అన్నదే మాస్టారి ఇంటి అసలు సమస్య. లాగవలసిన శ్రమ తప్పుతుంది, నిజమే. కాని బరువైన పిడిని బిగించి పట్టి, మీటను నొక్కే ఉంచి, దాని కంపనాన్ని భరించాలి. బిగియని పిడికిలికి ఈ మూడూ కష్టమే. మన కత్తిపీట అట్లా కాదు. అలుగు కదలదు, మాంసమే కదులుతుంది. రెండు చేతులా పట్టుకొని అరచేతుల బలంతో తోయవచ్చు, పిడికిలి బిగించే పని లేదు. వచ్చిన చిక్కల్లా నేల మీద కూర్చొనడమే. మోకాళ్ళు వంగనివారికి బల్ల అంచుకు బిగించే కత్తిపీటలు ఉన్నాయి. పని కాగానే అలుగు మడిచివేసే రకం తీసుకోవాలి. పిల్లలు తిరిగే ఇంట అలుగు పైకి నిలబడి ఉండరాదు.

కోయడంలోనూ ఒక మెలకువ ఉంది. మాంసపు పోగులు ఏ దిక్కుగా ఉన్నాయో చూసి వాటికి అడ్డంగా తరగాలి. పోగు వెంట తరిగిన ముక్క ఎంత ఉడికినా నారగానే ఉంటుంది. అడ్డంగా తరిగినది పొట్టి పోగులై చిగుళ్ళతో నమిలినా నలుగుతుంది. తరగబోయే ముందు ముక్కను అరగంట ఫ్రీజరులో ఉంచితే జారుడు తగ్గి, పలుచగా వస్తుంది. మాస్టారి వంటివారికి ఆయుర్వేదం 'వేసవారం' అనే పాకాన్ని చెప్పింది. ఎముక తీసిన మాంసాన్ని బాగా ఉడికించి, రాతిమీద నూరి, పిప్పళ్ళు, శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి చేర్చి వండినది. మేకమాంసం అతిగా శీతలమూ, గురువూ, స్నిగ్ధమూ కాదనీ, దేహాన్ని పోషిస్తుందనీ చరకుడు చెప్పాడు గనుక దానితో చేసుకోవచ్చు. మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి.

పచ్చి మాంసం కోసిన కత్తితో, పలకతో కూరగాయలు తరగరాదు. సబ్బు, వేడినీటితో కడిగి ఆరబెట్టాలి. ఇనుప అలుగుకు తడి తుడిచి ఒక చుక్క నూనె రాయాలి. కోడిమాంసాన్ని కుళాయి ధారకింద పెట్టి కడిగితే ఆ తుంపరలతో క్రిములు చుట్టుపక్కల పాత్రల మీద పడతాయి. గిన్నెలో నెమ్మదిగా కడగడం మేలు.

వేలు తెగినపుడు పసుపో, కాఫీపొడో, సున్నమో కూరడం మన ఇళ్ళలో ఆచారం. ఆయుర్వేద వైద్యుడనై ఉండీ దీనిని నేను కాదంటాను. పసుపు గుణం గొప్పదే. కాని బజారు పసుపులో రంగులు కలిసే అవకాశం ఉంది, డబ్బాలో తడి చేతులు పడతాయి. గాయంలో గడ్డకట్టిన పొడిని తీయడం రోగికీ, వైద్యుడికీ నరకమే. పొలంలో గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండుకొనేవారిని నేను తప్పుపట్టను, అక్కడ వేరే గతి లేదు. ఇంట్లో మాత్రం పారే మంచినీటితో గాయాన్ని కడిగి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా నొక్కి, చేతిని గుండెకంటె ఎత్తుగా ఉంచాలి. మధ్యమధ్య గుడ్డ తీసి చూడరాదు. రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, కొస తిమ్మిరిగా ఉన్నా నరమో స్నాయువో తెగి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మాంసపు కత్తి గాయాన్ని మలిన గాయంగానే లెక్కించాలి. ధనుర్వాతపు టీకా వేసుకొని 5 సంవత్సరాలు దాటి ఉంటే మళ్ళీ వేయించుకోవాలి.

మాస్టారి సతీమణికి ఇదంతా చెప్పాను. ఆమె వేలికి రెండు కుట్లు పడ్డాయి. విద్యుత్ కత్తి ఆలోచన మానుకొని, పాత కత్తిపీట అలుగును కమ్మరి చేత సాగగొట్టించి, బల్లకు బిగించే చట్రం చేయించుకొన్నారు. మాంసాన్ని దుకాణంలోనే తొడ భాగం నుండి ఎముక తీయించి తెస్తున్నారు. మొన్న కుట్ల మచ్చ చూపించడానికి వచ్చినపుడు ఆమె వెంట మాస్టారు కూడా వచ్చారు. ఆదివారం వేసవారంలో మిరియాలు ఎక్కువైనాయని ఆయన ఫిర్యాదు చేశారు.