పయాను పుట్టుక - న్యూట్రాను బరువు

నీటిలో ప్రతి మూడు పరమాణువులలోను రెండు హైడ్రోజను పరమాణువులే. హైడ్రోజను కేంద్రకము ఒంటరి ప్రోటాను. ఈ ప్రోటానుకు తోబుట్టువు వంటిది న్యూట్రాను. దాని బరువు ప్రోటాను బరువుకంటె నూటికి 0.14 వంతు మాత్రమే ఎక్కువ. ఈ స్వల్పమైన ఆధిక్యముచేతనే ఒంటరి న్యూట్రాను సగటున సుమారు 15 నిమిషములలో ప్రోటానుగా మారిపోవును. ప్రోటాను మాత్రము చెక్కుచెదరక నిలుచును. తూకము తలక్రిందులై ప్రోటానే బరువైనదైనచో, హైడ్రోజను పరమాణువే న్యూట్రానుగా మారిపోయెడిది. అప్పుడు నీరు లేదు. నీటిపై ఆధారపడిన ప్రాణియు లేదు.

ఇంతటి ఫలితముగల ఈ స్వల్పభేదమునకు కారణమేమి? అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున స్టీఫెన్సన్, ఆయన సహచరులు 2003లో ప్రకటించిన ఒక కొలత ఈ ప్రశ్నను సమీపించుటకు క్రొత్త దారి చూపినది. వారు కొలిచినది న్యూట్రాను బరువును కాదు. పయాను అను మరియొక కణముయొక్క పుట్టుకను.

కేంద్రకములోని ప్రోటానులను, న్యూట్రానులను కలిపియుంచు బలమునకు వాహకముగా ఒక కణముండవలెనని జపాను శాస్త్రజ్ఞుడు హిడెకి యుకావా 1935లో ఊహించెను. 1947లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమునకు చెందిన సెసిల్ పావెల్, ఆయన సహచరులు, ఎత్తైన పర్వతములపై విశ్వకిరణములకు ఎదురుగా ఉంచిన ఫోటోగ్రాఫు పలకలలో దాని జాడలను కనుగొనిరి. అదియే పయాను. మరుసటి సంవత్సరము కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో గార్డ్‌నర్, లాటెస్ అను వారు త్వరణయంత్రము సహాయముతో పయానులను పుట్టించిరి. అంతటితో ఆకాశమునుండి రాలు కణములకై కాచుకొనియుండు అవసరము తీరినది. పయానులు మూడు విధములు: ధనావేశము గలది, ఋణావేశము గలది, ఏ ఆవేశమును లేని తటస్థ పయాను. మన కథకు ముఖ్యమైనది ఈ మూడవది.

ఇక బరువుల భేదమును చూతము. ప్రోటానులో రెండు 'అప్' క్వార్కులు, ఒక 'డౌన్' క్వార్కు కలవు. న్యూట్రానులో ఒక అప్, రెండు డౌన్ క్వార్కులు కలవు. ఇచట రెండు కారణములు ఒకదానికొకటి ఎదురుగా పనిచేయుచున్నవి. విద్యుదావేశము ప్రోటాను బరువును పెంచజూచును. డౌన్ క్వార్కు అప్ క్వార్కుకంటె బరువైనదగుటచే, న్యూట్రాను బరువు పెరుగజూచును. ఈ రెండవ కారణమే పైచేయి అయినది. కాని ఏ కారణము వంతు ఎంత? మూట బరువు తెలిసినంతమాత్రమున అందులో బియ్యమెంతో పప్పు ఎంతో తెలియదు. అట్లే న్యూట్రాను తూకమొక్కటి ఈ పాళ్ళను విడదీసి చెప్పజాలదు. క్వార్కుల భేదము మరియొక విధముగా బయటపడు సంఘటన కావలెను.

ప్రోటానులన్నిటిని న్యూట్రానులుగాను, న్యూట్రానులన్నిటిని ప్రోటానులుగాను మార్చినను కేంద్రక బలముల లెక్క ఇంచుమించు మారదు. దీనిని ఆవేశ సౌష్ఠవమందురు. ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను జంటగా నున్న కేంద్రకమునకు డ్యుటీరాను అని పేరు. పై మార్పిడి చేసినను అది డ్యుటీరానే. రెండేసి ప్రోటానులు, న్యూట్రానులు గల హీలియము కేంద్రకమును అంతే. కాని తటస్థ పయానును వర్ణించు గణితపదము మాత్రము ఈ మార్పిడితో ధనమునుండి ఋణమునకు మారును. కావున రెండు డ్యుటీరానులు ఢీకొని, హీలియమును తటస్థ పయానును పుట్టించుట ఈ నియమమునకు విరుద్ధము. సౌష్ఠవము సంపూర్ణమైనచో ఈ సంఘటన ఎన్నడును జరుగరాదు.

అదియే ఈ సంఘటనకు గల విలువ. సిబ్బెలు రెండును సమానమైన త్రాసులో ముల్లు కదలరాదు. రవ్వంత కదలినను సిబ్బెలలో భేదమున్నట్లే. అట్లే ఇచట పుట్టిన ప్రతి పయానును సౌష్ఠవభంగమునకు సాక్షి.

కణము పుట్టవలెనన్న దాని బరువునకు సరియైన శక్తిని వెలగా చెల్లింపవలెను. తటస్థ పయాను వెల సుమారు 135 మిలియను ఎలక్ట్రాను వోల్టులు. సంగ్రహముగా 135 మెవ్. డ్యుటీరానులు రెండును హీలియముగా కలియునపుడే సుమారు 24 మెవ్ వెలువడును. మిగిలిన 111 మెవ్ మనము సమకూర్చవలెను. అయితే వచ్చి ఢీకొను డ్యుటీరాను శక్తిలో సగము, పుట్టిన కణములు ముందునకు సాగుటకే ఖర్చగును. కావున అది 225.5 మెవ్ శక్తితో రావలెను. ఇది గడప వంటిది. ఇంతకు తక్కువైనచో పయాను పుట్టదు.

ఇండియానా శాస్త్రజ్ఞులు ఈ గడపను దాటీదాటని 228.5, 231.8 మెవ్ శక్తులను ఎన్నుకొనిరి. గడప దగ్గర పుట్టిన హీలియము కేంద్రకములు చెదరిపోక, ఇరుకైన పాయగా ముందునకు సాగును. వానిని అయస్కాంతముతో ప్రక్కకు త్రిప్పి ఇంచుమించు అన్నిటిని పట్టవచ్చును. వలయాకారమైన యంత్రములో తిరుగు డ్యుటీరానులు పలుచని డ్యుటీరియము వాయుధారను మరల మరల దాటుచుండెను. తటస్థ పయాను పుట్టిన క్షణముననే రెండు గామా కిరణములుగా విడిపోవును. వానిని పట్టుటకు ఇరువైపుల సీసము కలిసిన గాజుదిమ్మెలను పేర్చిరి.

ఇచట ఒక చిక్కు కలదు. పయాను లేకయే హీలియముతోపాటు రెండు గామా కిరణములు వెలువడు సంఘటనలును జరుగును. ఫ్రాన్సులోని సాక్లే ప్రయోగశాలనుండి 1991లో వెలువడిన ఫలితముపై ఈ సందేహమే కలిగినది. దీనిని తీర్చుటకు ప్రతి హీలియము వేగమును, దిశను కొలిచి, దానితో పుట్టిన మిగిలిన భాగము బరువెంతో లెక్కకట్టిరి. పయాను లేని సంఘటనలలో ఆ బరువు పలువిధములుగా చెదరియుండును. నిజమైన పయానులు 135 మెవ్ వద్ద కుప్పగా చేరును. అట్టి కుప్ప స్పష్టముగా కనబడినది.

కేంద్రక సంఘటనల అవకాశమునకు కొలత 'బార్ను'. ఇంగ్లీషున ఈ మాటకు ధాన్యపుకొట్టమని అర్థము. సాధారణముగా పయానుల పుట్టుకను మిల్లీబార్నులలో చెప్పుదురు. ఒక మిల్లీబార్ను నూరు కోట్ల పికోబార్నులు. ఇచట దొరికినవి మొదటి శక్తి వద్ద 12.7, రెండవ శక్తి వద్ద 15.1 పికోబార్నులు మాత్రమే. త్రాసుముల్లు రవ్వంత కదలినది, కాని కదలినది.

అదే సంవత్సరము కెనడాలోని వాంకూవరులో గల ట్రయంఫ్ ప్రయోగశాల మరియొక సాక్ష్యమును ప్రకటించినది. న్యూట్రాను, ప్రోటాను ఢీకొని డ్యుటీరానును తటస్థ పయానును పుట్టించునపుడు, సౌష్ఠవమున్నచో ముందువెనుకల పంపకము సమానముగా నుండవలెను. అచట పదివేలకు సుమారు 17 వంతుల తేడా కనబడినది. క్వార్కుల బరువుల భేదము, విద్యుద్బలము ఈ సంఘటనలలో కలిసియుండు పాళ్ళు న్యూట్రాను తూకములోని పాళ్ళవంటివి కావు. కావుననే సిద్ధాంతకారులకు ఇవి అమూల్యములైనవి. 2015లో మహాగణన యంత్రములపై చేసిన ఒక గణన, క్వార్కుల భేదము న్యూట్రానును సుమారు 2.5 మెవ్ బరువెక్కించుననియు, విద్యుత్తు సుమారు 1 మెవ్ తగ్గించుననియు చూపినది. కొలతలో తేలిన మొత్తము భేదము 1.293 మెవ్, గణనలోని అనిశ్చితిని లెక్కకు తీసికొన్నచో రెండును పొసగుచున్నవి.

ఇండియానా వలయము 2002లోనే మూతపడినది. ఈ కొలత దాని కడపటి ప్రయోగములలో ఒకటి. జరుగరాదనుకొన్న సంఘటన ఎంత అరుదుగా జరుగునో ఓపికతో లెక్కించి, మన గ్లాసులోని నీరు ఏ స్వల్పభేదముపై నిలిచియున్నదో తెలిసికొనుటకు అది తోడ్పడినది.