మండువా కూలే వరుస

గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప మైదానంలో పాడుబడ్డ పెద్ద ఇల్లు సాధారణంగా జమీందారు కోట కాదు, మోతుబరి రైతు కట్టించిన మండువా లోగిలి. నేడు పల్నాడు, బాపట్ల జిల్లాల్లో చేరిపోయిన ఊళ్లలోనూ ఇదే పరిస్థితి. జమీందారుల నివాసాలు వీటికంటే వందేళ్లు ముందే చితికాయి. అమరావతి నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో మరణించగా, ఇద్దరు దత్తపుత్రుల మధ్య ఆస్తి తగాదా రేగి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. ఈలోగా 1832-33 కరువు రైతునూ జమీనీ కలిపి ముంచింది. శిస్తు బకాయిలు పేరుకుని 1840ల్లో గుంటూరు సీమలోని పెద్ద జమీందారీలు ఒక్కొక్కటిగా సర్కారు చేతికి పోయాయి. తీర్పు వచ్చేసరికి పంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇదే వేంకటాద్రి నాయుడి కాలంలో, కొత్త ఊరికి రాయి, ఇటుక కావాలని అమరావతి దిబ్బను తవ్వారు. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసినప్పుడు బౌద్ధ స్తూపపు శిల్పాలు బయటపడుతున్నాయి. పాడుబడ్డ కట్టడం పక్కవాడి ఇంటికి గని కావడం ఈ నేలకు కొత్త కాదు.

మోతుబరుల ఇళ్లకు డబ్బు వేరే దారుల్లో వచ్చింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వైపు వరి, మెరక మీద పత్తి, మిరప, 1920ల నుంచి వర్జీనియా పొగాకు కలిసొచ్చాయి. పల్నాడులో సున్నపురాయికీ నాపరాయికీ కొదవ లేదు. టేకు బర్మా నుంచి ఓడల్లో దిగేది. వీధి అరుగులు, వసారా, దాటితే నలువైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా. నాలుగు వాలుల పెంకుల మీది వాన మండువాలో పడి తూము గుండా వీధికి పోతుంది. గోడలకు గానుగ సున్నం. కొన్ని ఇళ్ల నొసట యజమాని పేరు, కట్టిన సంవత్సరం సున్నంతోనే పోతపోసి ఉంటాయి. కూలిపోకముందే ఈ ఇళ్లను ఫొటోల్లో నమోదు చేసేవారికి అన్నిటికన్నా ముందు కావలసిన ఆధారం అదే.

ఇల్లు కూలడానికి ఒక వరుస ఉంది. మొదట నాలుగు పెంకులు జారతాయి. వాననీరు చెక్కలోకి ఇంకుతుంది, చెదలు పడుతుంది. గోడలో దూరిన దూలం కొస పుచ్చుతుంది. బయటికి కనబడే దూలం మాత్రం గట్టిగానే ఉన్నట్టుంటుంది, ప్రమాదమంతా అక్కడే. మూసుకుపోయిన తూము మండువాను చెరువు చేస్తుంది. పక్షులు వేసిన రావి, మర్రి గింజలు గోడ చీలికల్లో మొలుస్తాయి. వీటికి తోడు నల్లరేగడి. వేసవిలో బెత్తెడు వెడల్పున నెర్రెలిచ్చి, తొలకరికి ఉబ్బే ఆ నేల మీద పునాది ఏటా కదులుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకే బీట దాని సంతకం. ఇది తెలిసిన మేస్త్రీలు పునాది గోతిలో ఇసుక నింపేవారు. తర్వాతి కాలంలో సిమెంటుతో వేసిన అతుకులే చాలా గోడలకు చేటయ్యాయి. సున్నపు గోడ చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది.

అయితే ఇంటిని ఎక్కువగా కూల్చేది వానా కాదు, నేలా కాదు. ఉమ్మడి వాటాలు. ఒక కొడుకు తుంగభద్ర ఆయకట్టులో గంగావతి, సింధనూరు క్యాంపులకు, ఒకరు హైదరాబాదుకు, మనవలు అమెరికాకు వెళ్తారు. ఎనిమిది మంది సంతకం పెడితే తప్ప పెంకు మార్చలేని ఇంటికి ఎవరూ పెంకు మార్చరు. అలాగని ఇల్లు పూర్తిగా ఖాళీగానూ ఉండదు. ధర కోసం ఎదురుచూస్తూ కౌలుదారు పెట్టిన పత్తి కుప్పో, మిరప టిక్కీలో సావిట్లో ఉంటాయి.

అందుకే పాడిల్లు కదా అని ఫొటోల కోసం లోపలికి దూరడం నేరం కిందికి రావచ్చు. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ గృహాక్రమణకు ఏడాది దాకా జైలు శిక్ష చెబుతోంది. చట్టం కన్నా ఊరి అనుమానం త్వరగా పనిచేస్తుంది. పాడుబడ్డ లోగిలిలో టార్చిలైటు వెలిగితే గుప్తనిధుల వాళ్లనుకుంటారు, వాళ్లు తవ్విన గోతులు చాలా ఊళ్లలో ఉన్నాయి. వాటాదారుల్లో ఒకరి అనుమతి తీసుకుని, ఊళ్లో పెద్దమనిషిని వెంటబెట్టుకుని పగలు వెళ్లడం మంచిది. మిద్దె మీదికి ఎక్కకూడదు. పెరట్లో గడ్డి కప్పేసిన, వరలేని బావి ఉండొచ్చు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఈ ప్రాంతంలో ఉన్నవే. గబ్బిలాల పెంట ఉన్న గదిలో ముక్కుకు మాస్కు తప్పదు.

మండువా ఫొటోకు మిట్టమధ్యాహ్నం పనికిరాదు. నడుమ తెల్లగా మాడిపోయి వసారాలు నల్లగా మునిగిపోతాయి. ఉదయం ఏటవాలు ఎండలో కెమెరాను స్టాండు మీద నిలిపి, వెలుతురు తక్కువ, ఎక్కువ పెట్టి ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీస్తే రెండూ దక్కుతాయి. శిథిలం అందంగా కనిపించేలా తీయడం తేలిక. వీధి గుమ్మం నుంచి పెరడు దాకా వరుసగా, ప్రతి గదీ నాలుగు మూలల నుంచి, స్తంభం పక్కన కొలబద్ద పెట్టి తీసిన ఫొటోలే తర్వాత పనికొస్తాయి. 1974లో లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో పెట్టిన ప్రదర్శన ఇందుకు నిదర్శనం. బ్రిటన్‌లో కూలగొట్టిన పల్లె భవంతుల ఫొటోలను వరుసగా చూపేసరికి అక్కడి జనం అభిప్రాయమే మారింది.

ఊరి పేరు, ఇంటి గుర్తులు బయటపెడితే మాత్రం ముందుగా వచ్చేది కలప వ్యాపారి. చెక్కడాల ద్వారబంధాలకు, టేకు స్తంభాలకు మంచి గిరాకీ ఉంది. చెట్టినాడు భవనాల చెక్కసామాను అమ్మే పాత సామాన్ల బజారు కారైక్కుడిలో పేరుమోసింది. మన లోగిళ్ల తలుపులూ అలాంటి దుకాణాలకే చేరతాయి. ద్వారబంధం ఊడదీశాక గోడకు ఊతం పోతుంది, రెండు వానాకాలాల్లో కింద పడుతుంది. మట్టిగోడలైతే ఆ మన్ను కూడా మిగలదు. పాటిమన్ను ఎరువని బండ్లతో, ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటారు. చివరికి కెమెరాకు దొరికేవి గడపరాయి, తులసికోట దిమ్మ, పూడిన బావి.