ఎలక్ట్రానుల సామూహిక తరంగములు – వాని కొలత

తిరునాళ్ళలో క్రిక్కిరిసిన జనము నడుమ ఒకడు తూలినచో ప్రక్కవానిపై పడును. ప్రక్కవాడు ఆవలివానిని నెట్టును. ఎవ్వరును జానెడు దూరమునకు మించి కదలరు. అయినను ఆ త్రోపు ఈ కొస నుండి ఆ కొసకు అలవలె సాగిపోవును. లోహమునందలి ఎలక్ట్రానులును ఇట్లే ప్రవర్తించును. అవి ఒకచోట గుమిగూడినచో పరస్పరము వికర్షించుకొని తొలగును. తొలగినవానిని ధనావేశము గల అయానులు వెనుకకు లాగును. ఇట్లు అసంఖ్యాకములైన ఎలక్ట్రానులు కలిసి ఊగుటయే ప్లాస్మాన్. దీని సిద్ధాంతమును డేవిడ్ బోమ్, డేవిడ్ పైన్స్ అను భౌతిక శాస్త్రజ్ఞులు 1950 దశకమున రూపొందించిరి.

కంటికి కానరాని ఈ తరంగమును కొలుచుట ఎట్లు? ఒకే శక్తి గల ఎలక్ట్రానులను మిక్కిలి పలుచని అల్యూమినియము పొర గుండ పంపి, ఆవల వెలువడు వాని శక్తిని కొలుతురు. కొన్ని సుమారు 15 ఎలక్ట్రాన్ వోల్టులను, కొన్ని 30, కొన్ని 45 కోల్పోయి యుండును. ఒక ప్లాస్మాన్‌ను రేపుటకు 15 వలయును. రెండింటికి 30, మూడింటికి 45.

అయితే శక్తి నొక్కదానినే కొలిచిన చాలదు. ఎలక్ట్రాన్ ఎంత కోణమున ప్రక్కకు తిరిగెనో చూచినచో అది కోల్పోయిన ద్రవ్యవేగము, దానినుండి తరంగ దైర్ఘ్యము తెలియును. ఈ రెండు కొలతలును కలిసినప్పుడే తరంగపు జాతకము పూర్తియగును.

1956లో పైన్స్ ఒక విచిత్రమైన తరంగమును ఊహించెను. ఒక లోహమున రెండు రకముల ఎలక్ట్రానులున్నవనుకొందము. ఒక రకము గుమిగూడిన చోట రెండవది పలుచబడినచో, మొత్తము ఆవేశము మారదు. కనుక దీర్ఘతరంగమును రేపుటకు అత్యల్ప శక్తి చాలును. కాని ఆవేశభేదము లేనందున కాంతికి అది దొరకదు. పైన్స్ దీనికి ‘డీమన్’ అని పేరిడెను. ఆంగ్లమున ఆ పదమునకు భూతమని అర్థము.

ఆ భూతము 67 సంవత్సరములు దాగియుండెను. 2023లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, జపానులోని క్యోటో శాస్త్రజ్ఞులతో కలిసి, స్ట్రాన్షియము రుథినేట్ స్ఫటికమున దానిని కనుగొన్నట్లు ప్రకటించిరి. వారు స్వల్పశక్తి గల ఎలక్ట్రానులను స్ఫటికముపై ప్రయోగించి, తిరిగి వచ్చినవాని శక్తిని, కోణమును కొలిచిరి. తరంగ దైర్ఘ్యము తగ్గిన కొలది రెండు రకముల ఆవేశములు పూర్తిగా రద్దు కావు. మిగిలిన ఆ కొద్దిపాటి ఆవేశమే ఎలక్ట్రానులకు ఆనవాలైనది.

వారు వెదకినది డీమన్‌ను కాదు. కనబడిన తరంగము స్ఫటికమునందలి ధ్వని కంటె మిక్కిలి వేగము గలది. ఉపరితల ప్లాస్మాన్ కంటె మిక్కిలి మందము. రెండింటిలో ఏదియు కాకపోవుటచే గణనము చేసి చూడగా, రెండు రకముల ఎలక్ట్రానులు ఎదురెదురుగా ఊగుచున్నవని తేలినది. పైన్స్ 2018లోనే మరణించెను. తన ఊహ ఫలించుట ఆయన చూడలేదు.

కాంతికి కనబడనంత మాత్రమున ఒక వస్తువు లేదనరాదు. తగిన కొలత దొరకు వరకు అది వేచియుండును.