పసిపిల్లలతో కొండవేటకు: ఏమి మోయవలెను, ఏమి మానవలెను

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున కాపురమున్న కుమార్తెను గురించి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసిరి. అల్లునికి అక్కడి స్నేహితుల సావాసమున వేట అలవాటైనదట. రానున్న సెప్టెంబరులో భార్యను, ఆరేండ్ల మనుమని, రెండేండ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని మూడు రాత్రులు కొండలలో గడపదలచినాడట. "వలదన్న వినరు. ఏమేమి వెంట తీసికొనిపోవలెనో అదియైనను చెప్పుడు, నేను ఫోనులో వారికి చదివి వినిపించెదను" అని ఆ తల్లి కోరిరి. అట్టి ప్రశ్నకు ఒక చీటీలో నాలుగు వస్తువుల పేర్లు వ్రాసి పంపుట న్యాయము కాదని తోచి, కొంచెము విపులముగా చెప్పుచున్నాము.

మన దేశమున వేట ముచ్చట ఏనాడో ముగిసినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది; 1991 సవరణతో అది మరింత బిగిసినది. నల్లమలలోగాని పాపికొండలలోగాని వినోదమునకై వేటాడుట నేరము. పడమటి అమెరికాలో పద్ధతి వేరు. అచ్చట ప్రభుత్వపు అడవులలో లైసెన్సు పుచ్చుకొని, నిర్ణయించిన దినములలో, నిర్ణయించిన జంతువును మాత్రము వేటాడవచ్చును. కారు పోవు దారి ముగిసిన చోటినుండి డేరా, పక్క, తిండి సమస్తము వీపున వేసికొని నడచి, కొండపై మకాము చేసి వేటాడుటను బ్యాక్‌ప్యాక్ వేట యందురు. కొలరాడోలో దీనికి ముఖ్యమైన మృగము ఎల్క్ అను పెద్ద దుప్పి. అది తిరుగు తావులు సముద్రమట్టమునకు 3,000 మీటర్లకు అటునిటుగా ఉండును.

ఆ రాష్ట్రమున 12 ఏండ్లు నిండనివారు పెద్ద మృగములను వేటాడరాదు. కాబట్టి ఈ పిల్లలిద్దరును వేటగాండ్రు కారు, వెంట వచ్చువారు మాత్రమే. అంగడిలో అడుగుపెట్టుటకు ముందే తండ్రి ఈ మాట మనసున పెట్టుకొనిన, కొనవలసినవానిలో సగము తగ్గును.

మొదట బరువు లెక్క చూతము. రెండేండ్ల పిల్ల 12 కిలోలు ఉన్నదనుకొందము. అట్టి పిల్లను వీపున కూర్చుండబెట్టుకొని మోయుటకు లోహపు చట్రముతో చేసిన సంచులు అమ్ముదురు. ఖాళీ సంచియే 3 కిలోల పైచిలుకు తూగును. పేరున్న తయారీదారులు పిల్ల, సామాను, సంచి అంతయు కలిపి 22 కిలోలు మించరాదని హద్దు పెట్టుచున్నారు. అనగా తండ్రి వీపున మిగిలిన చోటు ఏడు కిలోలకు లోపే. డేరా, నాలుగు పక్కలు, మూడు దినముల తిండి, డైపర్లు అందులో ఇముడవు, తల్లి మోయవలెను. ఇక తుపాకి ఎవరు పట్టవలెను? ఒకవేళ ఎల్క్ పడినదనుకొన్నను, ఎముకలు తీసివేసిన మాంసమే 80 కిలోలకు తగ్గదు. దానిని దించుటకు బలిష్ఠుడైన మగవానికే మూడు నాలుగు సార్లు కొండ దిగి ఎక్కవలసి వచ్చును. అంతవరకు పిల్లలను ఎవరు చూతురు? మోయుటకు మరి ఇద్దరు స్నేహితులైన వెంట రావలెను, లేదా ఈ యేటికి ఎల్క్‌ను మరచి, సెప్టెంబరు మొదటినుండియే వేటాడనిచ్చు గ్రౌస్ అను కొండకోడితో తృప్తిపడవలెను. మా ఓటు కొండకోడికే.

ఆరేండ్ల వాడు తన సంచి తానే మోసెదనని మారాము చేయును. చేయనిండు. కాని 2020లో మన కేంద్ర విద్యాశాఖ బడిసంచులకు పెట్టిన హద్దును ఇక్కడను పాటించుట మేలు: పిల్లవాని బరువులో పదవ వంతు. 20 కిలోల బాలునికి రెండు కిలోలు. నీళ్ల సీసా, వానకోటు, ఒక బొమ్మ, ముందు చెప్పబోవు రెండు చిల్లర వస్తువులు అందులో చాలును. అలసినప్పుడు ఆ సంచియు తండ్రి భుజమునకే చేరునని ముందే లెక్కవేసికొనవలెను.

ఇప్పుడు చలి సంగతి. మేము అన్నిటికంటె ఎక్కువగా చెప్పదలచినది దీనిని గురించియే. చిన్న శరీరమునకు దాని బరువుతో పోల్చిన చర్మము ఎక్కువ. కనుక వేడి త్వరగా పోవును. అంతకంటె మోసకరమైన విషయము మరొకటి కలదు. బరువు మోయుచు కొండ ఎక్కుచున్న తండ్రికి చెమట పట్టును, కోటు విప్పివేయును. అదే వేళ ఆయన వీపున కదలక మెదలక కూర్చున్న పిల్లకు గాలి సూటిగా తగులుచుండును. వ్రేలాడు కాళ్లకు రక్తప్రసారము మందగించి పాదములు చల్లబడును. తన ఒంటి వేడిని బట్టి పిల్ల వేడిని అంచనా వేయుట ఇక్కడ జరుగు పెద్ద పొరపాటు. అరగంటకొకసారి ఆగి, మెడ వెనుక చేయి పెట్టి చూచి, పిల్లను దించి కొంచెము నడిపించవలెను.

బట్టలలో నూలు పనికిరాదు. మన ఎండలకు నూలు వరమే గాని, తడిసిన నూలుబట్ట నీటిని పట్టియుంచి ఒంటి వేడిని లాగివేయును. ఒంటిని తాకు లోదుస్తులు సన్నని మెరినో ఉన్నివైన మంచిది. పాలియెస్టరువి చవుక, అవియు చాలును. దానిపై దళసరి ఉన్ని చొక్కా, ఆపైన గాలిని వానను ఆపు కోటు. టోపీలు, చేతి తొడుగులు, మేజోళ్లు రెండేసి జతలు ఉండవలెను. ఒక జత వాగులో తడియుట తప్పదు.

మన ఇండ్లలో "పెరుగును గదా" అని ఒక సైజు పెద్దది కొనుట అలవాటు. కొండకు ఆ పొదుపు చేటు తెచ్చును. వదులైన బూటు లోపల పాదము జారి బొబ్బలెక్కును. రెండవ దినము ఆరేండ్ల వానిని కూడ మోయవలసి వచ్చును. పడుకొను సంచికిని ఇదియే న్యాయము. పెద్దల స్లీపింగ్ బ్యాగులో పిల్లవానిని దూర్చిన, కాళ్ల దిగువన ఖాళీగా నున్న చోటునంతను వాని చిన్న ఒళ్లే వెచ్చచేయవలెను. పిల్లల కొలతకు చేసినది దొరకనిచో, పెద్దదాని అడుగుభాగమును తాటితో బిగించి కట్టి పొట్టి చేయవచ్చును. ఆ సంచులపై ఇన్ని డిగ్రీల వరకు పనికివచ్చునని అచ్చువేసిన అంకెలను పిల్లల విషయమున నమ్మరాదు. ఐరోపా వారి ప్రమాణపు పరీక్ష పెద్దల శరీరమును దృష్టియందుంచుకొని చేసినది. సెప్టెంబరులో ఆ ఎత్తున రాత్రి మంచు గడ్డకట్టవచ్చును. అంకె సూచించుదానికంటె వెచ్చని సంచి కొనవలెను. క్రింద పరచు చాప మీద అంతకంటె ఎక్కువ శ్రద్ధ కావలెను. నేల లాగివేయు వేడిని పై దుప్పటి ఆపలేదు. ఒక నురుగు చాప, దానిపై గాలి నింపు పరుపు వేసిన రెండింటి రక్షణయు కలిసివచ్చును. రెండేండ్ల పిల్లకు చేతులు గల సంచిచొక్కా తొడిగి, ముఖము కప్పబడకుండ పండబెట్టవలెను. ఏడాది నిండని బిడ్డను గురించి ఎవరైన అడిగిన, ఇట్టి యాత్రకు తీసికొనిపోవలదనియే మా సమాధానము.

చలికి తాళలేక డేరాలో స్టవ్వు వెలిగించు వారున్నారు. పొగగొట్టము గల కట్టెల పొయ్యిని లోపల పెట్టుకొను ప్రత్యేకపు డేరాలు వేటగాండ్రలో బాగుగా ప్రచారమున ఉన్నవి. పసిపిల్లలున్న చోట అవి మాకు సమ్మతము కాదు. ఎర్రగా కాలిన రేకు ప్రక్కన రెండేండ్ల పిల్ల తప్పటడుగులు వేయుట ఒక భయము; కంటికి కానరాక, వాసన లేక చంపు కార్బన్ మోనాక్సైడు మరొక భయము. వంట డేరా బయటనే చేయవలెను.

డెన్వరు నగరమే 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అయినను అక్కడివారికి సైతము 3,000 మీటర్లు దాటిన తలనొప్పి, వాంతులు రావచ్చును. పెద్దలు నోటితో చెప్పుదురు. పసివాడు అన్నము మానివేసి, ఊరక చిరాకు పడుచు, నిద్రపోడు. అల్లరియని కసరక, క్రిందికి దిగవలెను. ఆ జబ్బుకు దిగుటకు మించిన మందు లేదు. సెల్‌ఫోను పలుకని చోటు కనుక, ఉపగ్రహము ద్వారా ఆపదవార్త పంపు చిన్న యంత్రమొకటి తల్లి నడుమున ఉండవలెను, తండ్రి నడుమున కాదు; వేటకు వెళ్లినవాడు తిరిగి రాకపోయిన కబురు పంపవలసినది ఆమెయే గదా.

తుపాకి మోత మాట కూడ చెప్పవలెను. పెద్ద తుపాకి ప్రేలుడు 140 డెసిబెళ్లకు పైమాటే. పిల్లల చెవులకు క్షణకాలపు ధ్వనియైనను 120 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. చెవులకు పెట్టు గుబురు తొడుగులు ఇరువది, ముప్పది డెసిబెళ్లు మాత్రమే తగ్గించును. తీసివేత చేసిన, ప్రక్కన నిలిచిన పిల్లకు అవి చాలునని నిశ్చయముగా చెప్పలేమని తేలుచున్నది. తొడుగులు కొనవలసినదే, కాని తుపాకి పేల్చువేళ పిల్లలు తల్లితో మకాముననే దూరముగా ఉండవలెను. పిల్లను వీపున పెట్టుకొని పేల్చుట ఎన్నడును కూడదు.

అక్కడి అంగళ్లలో ఆకుల మచ్చలుగల వేటబట్టలను బొమ్మల సైజులో కుట్టి వ్రేలాడదీయుదురు. చూచుటకు ఎంతయో ముద్దుగా నుండును. మా అభిప్రాయమున పిల్లలకు కొనగూడని వస్తువులలో అదియే మొదటిది. పొదలో కలిసిపోవు చొక్కాను తప్పిపోగల బిడ్డకు తొడుగుట ఏమి తెలివి? కొలరాడోలో తుపాకితో పెద్ద మృగములను వేటాడువారు నడుము పైన 500 చదరపు అంగుళముల మెరయు నారింజ రంగు, లేక 2016నుండి గులాబి రంగు ధరించవలెనని, టోపీయు ఆ రంగుదే కావలెనని నియమము. వెంట వచ్చు పిల్లలకును అదే రంగు వేయవలెను. వేట చెడునన్న దిగులు అక్కరలేదు. దుప్పి జాతికి ఎరుపు, నారింజ రంగులు మనకువలె కొట్టవచ్చినట్లు కనబడవు.

పిల్లవాని సంచిలో ఉండవలసిన రెండు చిల్లర వస్తువులని ముందు అంటిమి. ఒకటి ఈల, రెండవది మెరయు రంగుగల పెద్ద ప్లాస్టిక్ చెత్తసంచి. రెంటికిని కలిపి ఒక పూట కాఫీ ఖర్చుకాదు. వీని వెనుక ఒక దుఃఖకరమైన కథ కలదు. 1981లో క్యాలిఫోర్నియాలోని పాలమార్ కొండపై తొమ్మిదేండ్ల బాలుడొకడు తన వారినుండి తప్పిపోయెను. దినముల తరబడి వందలాది మంది గాలించిరి. చివరకు చలికి మరణించి కనబడెను. ఆ వెదకులాటలో పాల్గొనిన జాడకాడు ఏబ్ టేలర్ మొదలగువారు, అట్టిది మరల జరుగరాదని, పిల్లలకు ఒక పాఠము తయారుచేసిరి. దాని పేరే "చెట్టును కౌగిలించుకో". తప్పిపోయితినని తెలిసిన వెంటనే నడక ఆపి, ఒక చెట్టును పట్టుకొని అచ్చటనే ఉండవలెను; చెత్తసంచికి ముఖము పట్టునంత రంధ్రము చేసి తలమీదుగా తొడుగుకొనిన వానకు చలికి కోటగును; ఈల మూడుసార్లు చొప్పున ఊదుచుండవలెను. అరచిన గొంతు కొంతసేపటికే బొంగురుపోవును, ఈల పోదు. పిలుచువారు క్రొత్తవారైనను పలుకవలెననియు నేర్పవలెను. చీకటిలో అపరిచితుని కేకకు భయపడి దాగిన పిల్లలున్నారు. తల్లిదండ్రులకు వారు చెప్పిన ఉపాయము మరొకటి: బయలుదేరుటకు ముందు మెత్తని తువాలుపై అల్యూమినియం రేకు పరచి, పిల్లవానిచే బూటుతో త్రొక్కించి, ఆ అచ్చును కారులో ఉంచవలెను. వెదకువారికి ఆ ముద్ర వేయి మాటల పెట్టు.

ఇది దూరదేశపు ముచ్చటయని మన శ్రోతలు అనుకొనవలదు. 2023 ఆగస్టులో తిరుమలకు పోవు అలిపిరి మెట్లదారిలో, తల్లిదండ్రులతో నడచుచున్న ఆరేండ్ల బాలికను చిరుతపులి పొట్టనబెట్టుకొన్నది. ఆ పిదప 15 ఏండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము 2 గంటల తరువాత ఆ దారిన పోనీయక దేవస్థానమువారు కట్టడి చేసిరి. శేషాచలమున నడచు కుటుంబమునకు నారింజ చొక్కా, ఈల అదనపు బరువు కావు. పిల్ల పెద్దల నడుమ నడువవలెనే గాని ముందు పరుగెత్తరాదు.

ఇక ఆ తల్లి ఉత్తరము చివర "ఇక్కడినుండి నేనేమైన పంపవచ్చునా" అని అడిగిరి. పంపవచ్చును. చేతితో అల్లిన ఉన్ని టోపీలు పంపుడు; చెవులు మూయునట్టివి, గడ్డము క్రింద ముడివేయు దారము మాత్రము లేకుండ అల్లుడు, అది మెడకు చుట్టుకొనవచ్చును. పల్లీపట్టి, నువ్వుల ఉండలు వండనక్కరలేని మంచి బలము. చలిలో నడచు పిల్లవానికి గంటకొకసారి నోటిలో ఏదియో పడవలెను. రెండేండ్ల పిల్లకు పల్లీ పలుకులు గొంతున అడ్డుపడును గనుక ఆమెకు మెత్తని నువ్వుల పొడి, బెల్లము చాలును. ఒక్క జాగ్రత్త: సెప్టెంబరులో అక్కడి నల్ల ఎలుగుబంట్లు చలికాలపు నిద్రకు ముందు దినమునకు 20 గంటల వరకు మేయుచుండును. మిగిలిన తిండినంతయు ఎలుగు తెరువలేని గట్టి డబ్బాలో పెట్టి డేరాకు దూరముగా ఉంచవలెను. పడుకొనుటకు ముందు మనుమని జేబులు తడిమి చూడుమని మీ అమ్మాయికి తప్పక చెప్పుడు. ఆరేండ్ల వాడు ఒక ఉండను రేపటికని దాచుకొనియే యుండును.